ఏడో నంబరు మంచం కింద

1992 జూలై 1, బుధవారం

బీపీ 160/100. చూసుకున్నది నేనే కాబట్టి ఓ పది తగ్గించి చూసి ఉంటాను.

పాలమూరులో నాతో చదివిన డాక్టరు ఒకడున్నాడు. "బాలకిష్టయ్యా, నీకు కోపమెక్కువ. వచ్చినప్పుడల్లా రాసుకో, బీపీ దిగుతది" అన్నాడు. ఒక మాత్ర కూడా రాశాడు. మాత్ర వేసుకోవడం లేదు. రాస్తున్నాను. ఈ డైరీ ఏదో మందుల కంపెనీవాళ్ళు కొత్త సంవత్సరానికి ఇచ్చింది. జూన్ దాకా మా అమ్మాయి ఏనుగులు గీసింది కనుక జూలై నుంచి నా కోపం మొదలు.

ఇవాళ్టి కోపం: సిస్టర్ రాధ.

నాగర్‌కర్నూలులో మాది ఒక మిల్లు సేటు ట్రస్టు పెట్టి నడిపే ధర్మదవాఖాన. నలభై మంచాలు, ఇద్దరు డాక్టర్లం. ఒకరోజు నేను, ఒకరోజు నాకంటే పదేళ్ళు చిన్నవాడు మల్లేశ్. పొద్దున ఎనిమిది నుంచి మర్నాడు ఎనిమిది దాకా ఒక్కడే. ఇద్దరి ఇళ్ళూ పాలమూరులో. అక్కడి బస్సు ఎనిమిదీ పదికి ఇక్కడికొస్తుంది, డ్రైవరు టీ తాగగానే తిప్పుకుని పోతుంది. అది తప్పితే మళ్ళీ పదకొండున్నరకే. అందుకని డ్యూటీకి వచ్చేవాడు తన సీట్లో జేబులోని దస్తీ వేసి దిగుతాడు. ఇంటికి పోయేవాడు ఆ సీట్లో కూర్చుని, కిటికీలోంచి దస్తీ తిరిగిస్తూ, వార్డులో ఎవరు ఎట్లా ఉన్నారో చెప్తాడు. పద్నాలుగు నెలలుగా ఇదే పద్ధతి. ఒక్క దస్తీ పోలేదు.

రాధ ఇవాళ అన్నది: "సార్, నేను మందుల బీరువ తాళం ఇంకొకరికి ఇయ్యాల్నంటే సీసాలన్ని చూపిచ్చి సంతకం తీస్కుంట. మీరు మనుషులను బస్టాండ్ల అప్పజెప్తరు. గిదేం పద్ధతి సార్?"

"పద్నాలుగు నెలల ఏమన్న తేడా వచ్చిందా?" అన్నాను.

"వచ్చినంక మాట్లాడుకుందమా మరి?"

ఆ నోటికి తాళం వేసేవాడు పుట్టలేదు. రాసేశాను. మళ్ళీ బీపీ చూసుకున్నాను. 164/100.

జూలై 4, శనివారం

డ్యూటీ. మధ్యాహ్నం మూడింటికి ఫారెస్టువాళ్ళ జీపులో మన్ననూరు నుంచి ఒకామెను తెచ్చారు. పేరు సాయమ్మ, ముప్పై ఏళ్ళుంటాయి. కట్టెలు ఏరుతుంటే రక్తపింజర కరిచింది. పెనిమిటి ఓబయ్య అడవిలో పెంట అని పిలిచే వాళ్ళ గూడెం నుంచి రోడ్డు దాకా వీపున మోసుకొచ్చాడట. జీపు దొరికేదాకా రోడ్డు మీద కూడా దించలేదట.

కాలు మోకాలి దాకా పొంగింది. గాజు గొట్టంలో నెత్తురు తీసి ఇరవై నిమిషాలు కదపకుండా పెట్టాను. గడ్డకట్టలేదు, నీళ్ళలాగే ఉంది. ఐదు సీసాల పాము మందు ఎక్కించాక కొంచెం గడ్డకట్టింది. పింజర విషం పోయినట్టే పోయి మళ్ళీ తిరగబెడుతుంది. రేపు సాయంత్రం ఆరింటికి మళ్ళీ నెత్తురు చూడాలి. గడ్డకట్టకపోతే మళ్ళీ మందు. మరిచిపోకూడదని ఇక్కడ కూడా రాస్తున్నాను.

కోపం: మంచం. ఆమెకు ఏడో నంబరు మంచం ఇచ్చాం. మనిషి మంచం మీద ఉండదు. "గంత ఎత్తు మీద నిద్రెట్ల వస్తది సారూ, పడిపోత" అంటుంది. మూడుసార్లు ఎక్కించాం, మూడుసార్లు దిగింది. మూడోసారి సెలైన్ గొట్టంతో సహా దిగింది. మంచం కింద చీర పరుచుకుని, అదే తన ఇల్లన్నట్టు ఒరిగింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఉండనియ్యి సారూ" అన్నాడు ఓబయ్య. "పాముతోనే కొట్లాడి వచ్చింది, నీతోని కొట్లాడలేదా?"

ఉండనిచ్చాను.

జూలై 5, ఆదివారం

ఒప్పగించాను. బస్సులో సీటు దగ్గర చిన్న గొడవ. కిటికీ పక్కనే దొరికింది.

జూలై 6, సోమవారం

బస్సు దిగేసరికి మల్లేశ్ నిలబడి ఉన్నాడు. ఎక్కి నా సీట్లో కూర్చుని, కిటికీలోంచి నా దస్తీ ఇస్తూ మొదలుపెట్టాడు.

"పన్నెండో నంబరుకు విరేచనాలు కట్టుకున్నయ్ సార్. ఏడో నంబరు మంచిగుంది. ఆరింటికి చూసిన, నెత్తురు మంచిగ గడ్డకట్టింది. జొరం గూడ దిగింది. రేపోమాపో పంపియ్యొచ్చు."

పాము కరిచినామెకు జ్వరం ఎక్కడిదని అడిగేలోపు బస్సు కదిలింది. పోనీలే, ఏదైతేనేం దిగింది కదా అనుకున్నాను. అక్కడే టీ తాగాను. టీ సంగతి రాయకూడదనుకున్నాను, రాసేశాను.

వార్డులోకి పోతే ఏడో నంబరు మంచం మీద బాలమణి కాళ్ళు చాపుకుని ఉంది. తెలకపల్లి ఆమె, మలేరియా జ్వరం. మంచం దొరక్క శుక్రవారం నుంచి వరండాలో చాప మీద ఉన్న మనిషి. మోచేతి మడతలో దూది ముక్క.

"నిన్న చిన్న సారు నెత్తురు గుంజి, గొట్టంల వోసి, ఇరవై నిమిషాలు దాన్నే చూసుకుంట కూసున్నడు" అన్నది. "నాకేమన్న పెద్ద రోగమా సార్?"

నేను వంగి మంచం కింద చూశాను.

సాయమ్మ చిగుళ్ళలోంచి నెత్తురు కారుతోంది. కొంగంతా నెత్తురే. ఓబయ్య పక్కన కూర్చుని తడిగుడ్డతో ఆమె మూతి తుడుస్తున్నాడు. ఎప్పటి నుంచని అడిగితే నిన్న పొద్దుమూకిన కాడి నుంచి అన్నాడు. మూత్రం ఒక్కసారి ఎర్రగా వచ్చిందట, తర్వాత అదీ లేదట.

"ఎవలకు చెప్పలేదా?" అని అరిచాను.

"సార్లు వచ్చి చూసిపోయిన్రు గద సారూ" అన్నాడు.

ఆమె కేసు కాగితం ఏదంటే, మొలకు కట్టుకున్న మూటలోంచి తీశాడు. శనివారం బాలమణి ఆ మంచం ఎక్కినప్పుడు రాధ బాలమణి కాగితం మంచానికి తగిలించి, సాయమ్మది ఓబయ్య చేతిలో పెట్టింది. దవాఖాన కాగితం పోతే ఎంత పరేషానో అతనికి తెలుసు. నాలుగు మడతలు పెట్టి ఎవరికీ కనపడకుండా దాచాడు.

మా వార్డులో ఒక రూలుంది. మంచం మీద ఉన్నవాళ్ళు రోగులు, కింద ఉన్నవాళ్ళు తోడొచ్చినవాళ్ళు. ఎవరూ ఎక్కడా రాయలేదు, అందరం పాటిస్తాం. ఆదివారం రాధకు సెలవు, ఆమె బదులు వచ్చిన సిస్టర్ కొత్త. మల్లేశ్ రూలు ప్రకారమే నడిచాడు.

ఉన్న సీసాలన్నీ ఎక్కించాను. నెత్తురు ఆగింది, మూత్రం రాలేదు. కిడ్నీలు ఆగిపోయాయి. హైదరాబాద్ పెద్దాసుపత్రిలో నెత్తురు శుద్ధి చేసే మిషన్ ఉంది. రాధను తోడిచ్చి ట్రస్టు వ్యానులో పంపాను. రెండు పేజీల ఉత్తరం రాశాను. ఒక రోగి గురించి ఇంకో డాక్టరుకు అంత వివరంగా చెప్పడం నా సర్వీసులో ఇదే మొదటిసారి.

"బతుకుతదా సారూ?" అని వ్యాను ఎక్కుతూ ఓబయ్య అడిగాడు.

"పోయి రాన్రి" అన్నాను.

నేను నిన్న మల్లేశ్‌తో చెప్పింది ఇదీ: ఏడో నంబరు సాయమ్మ, పాముకాటు, మంచం కింద పడుకుంది, ఆరింటికి నెత్తురు చూడు, గడ్డకట్టకపోతే మళ్ళీ మందు పెట్టు. కిటికీలోంచి వంగి స్పష్టంగా చెప్పాను.

జూలై 7, మంగళవారం

బస్టాండులో మల్లేశ్‌కు జరిగింది చెప్పాను.

"పాముకాటా? ఏ పాముకాటు సార్?" అన్నాడు.

"చెప్పిన గదయ్యా" అన్నాను. ఆ మాట నేను ఆలోచించకముందే వచ్చేసింది.

అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. "జొరానికి గడ్డకట్టే పరీక్ష ఎందుకో అనుకున్న సార్. మీరు చెయ్యమన్నరు గద అని చేసిన. చూసిన, గట్టిగ గడ్డకట్టింది..." అంటూ ఇంకా ఏదో చెప్తున్నాడు. బస్సు కదిలింది. నేను కూర్చునే ఉన్నాను.

జూలై 8, బుధవారం

రాధ హైదరాబాద్ నుంచి వచ్చింది. ప్రాణం ఉంది, మిషన్ మీద పెట్టారు అన్నది. తర్వాత రోజంతా నాతో మందుల పేర్లు తప్ప ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె నోరు మూసుకోవాలని ఎన్నిసార్లు అనుకున్నానో. ఇప్పుడు మూసుకుంటే భరించలేకపోతున్నాను.

జూలై 9, గురువారం

170/110.

ట్రస్టు సెక్రటరీ బాలరాజు గారు మెమో ఇచ్చారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. దవాఖానను కూడా ఎనిమిదో తరగతిలాగే నడుపుతారు.

"ఇద్దర్ల ఎవరు చేసిన్రు? నాకు ఒక్క పేరు కావాలె" అన్నారు.

"వివరంగ రాసిస్త సార్."

"వివరం వద్దు. పేరు కావాలె. సేటు అడుగుతుండు."

మల్లేశ్ ఏడాదికేడాది పొడిగించే కాంట్రాక్టు మీద ఉన్నాడు. నాది పర్మినెంటు. ఇది ఊరికే రాస్తున్నాను, దీనికీ దానికీ సంబంధం లేదు.

వివరణకు చిత్తుప్రతి రాశాను. "ఏడో నంబరు మంచం కింద ఉన్న పాముకాటు రోగి గురించి డాక్టర్ మల్లేశ్‌కు బస్టాండులో కిటికీలోంచి వంగి స్పష్టంగా తెలియజేశాను." చదువుకుంటే బాగానే ఉంది.

జూలై 10, శుక్రవారం

నిన్నటిది మళ్ళీ చదివాను. "కిటికీలోంచి వంగి" కొట్టేశాను. వంగలేదు. వంగడానికి వీల్లేకుండా ఒళ్ళో ఎవరిదో కోళ్ళ బుట్ట ఉంది. మిగతాదంతా నిజమే.

జూలై 11, శనివారం

గద్వాలలో మా అయ్య దగ్గరికి పోయివచ్చాను. ఎందుకు పోయానో తెలియదు. ఇంట్లో ఉంటే మా ఆవిడ "ఏమైంది" అంటుంది. అయ్య మగ్గం మీద ఉంటే ఎవరినీ ఏమీ అడగడు.

అయ్య పేరు పెంటయ్య. అరవై ఎనిమిదేళ్ళొచ్చినా రోజూ మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చోవాల్సిందే. ఈ ఇంట్లో డాక్టరయింది నేనొక్కణ్ణే. ఆ సంగతి వాడంతా చెప్తాడు, నాతో తప్ప. నేను గోడకానుకుని మొత్తం చెప్పాను. మల్లేశ్‌కు చెప్పాననీ, అతను వినలేదనీ చెప్పాను. మగ్గం ఆడుతూనే ఉంది.

"నువ్వు చెప్పినవ్" అన్నాడు అయ్య.

"చెప్పిన."

"ఆయన ఇనలే."

"ఇనలే అయ్యా."

"ఇన్నడో లేదో నువ్వు చూసుకోలె?"

"బస్సు కదిలింది."

"ఇననప్పుడు బస్సెందుకు ఎక్కినవ్ రా?"

నేను పదకొండున్నర దాకా బస్సు లేకపోవడం, అమ్మాయికి స్కూలు, ఇవన్నీ చెప్పాను. అయ్య మగ్గం ఆపలేదు, నా వైపు చూడనూ లేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నిలబడే వచ్చాను. సీట్లు ఖాళీగానే ఉన్నాయి.

జూలై 13, సోమవారం

పొద్దున ఎనిమిదింటికి బస్టాండుకు బయల్దేరుతుంటే రాధ వార్డు గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"మల్లేశ్ సారును నేనే గిటు రమ్మన్న. ఒక్కొక్కరి కాడ నిలబడి, మనిషిని చూపిచ్చి చెప్పేదాక మిమ్ములను ఎవరినీ కదలనియ్య. కొడ్తే కొట్టున్రి" అన్నది.

కొట్టలేదు. నలభై నిమిషాలు పట్టింది. కింద ఉన్నవాళ్ళతో మొదలుపెట్టాం. నేను చెప్పింది మల్లేశ్ మళ్ళీ నాకు చెప్పాడు, తప్పుంటే రాధ దిద్దింది. ప్రతి మంచం దగ్గరా అతను మోకాళ్ళ మీద కూర్చుని కిందికి తొంగి చూశాడు. పందొమ్మిదో నంబరు కింద ఒక ముసలాయన నిద్రపోతూ కనిపించాడు. ఆయన రోగి కాదు, తోడొచ్చినవాడూ కాదు. నాలుగు రోజులుగా ఇక్కడే తిని ఇక్కడే పడుకుంటున్నాడట. బయట ఎండగా ఉందట.

బస్టాండులో మేం ఇదే పని నాలుగు నిమిషాల్లో ముగించేవాళ్ళం. మిగతా ముప్పై ఆరు నిమిషాల మాటలు పద్నాలుగు నెలలుగా ఎటు పోయాయో.

అంతా అయ్యాక మల్లేశ్ తన వివరణ కాగితం చూపించాడు. "పాముకాటు సంగతి పెద్ద డాక్టరు గారు నాకు చెప్పారు. నేను సరిగా వినలేదు. తప్పు నాది" అని గుండ్రటి అక్షరాల్లో రాశాడు.

"నీకు యాదికున్నదా, నేను చెప్పింది?" అని అడిగాను.

"లేదు సార్. ఎంత యాది చేసుకున్నా వస్తలేదు. ఇంజన్ సప్పుడుల ఇనపడలేదేమో. మీరు అబద్ధమెందుకు చెప్తరు?"

నేను కాగితం మడిచి తిరిగిచ్చాను. పదకొండున్నర బస్సులో ఇంటికి పోయాను.

జూలై 15, బుధవారం

అతను కాగితం సెక్రటరీకి ఇచ్చేశాడట. నా చిత్తుప్రతి నా జేబులోనే ఉంది. ఇక దాని అవసరం లేదు. మంచిదే.

జూలై 16, గురువారం

మంచిదే అని రాశాను నిన్న. బీపీ చూసుకోవడానికి భయంగా ఉంది.

జూలై 17, శుక్రవారం

సేటు మిల్లుకు హైదరాబాద్ నుంచి ఫోన్ వచ్చిందట, డ్యూటీలో ఉన్న మల్లేశ్ మా ఎదురింటికి ఫోన్ చేసి చెప్పాడు. సాయమ్మకు మూత్రం వచ్చింది. కిడ్నీలు కోలుకుంటున్నాయి. బతుకుతుంది. మల్లేశ్ ఫోన్‌లో ఏడుస్తూ నవ్వుతున్నాడు. "మనం బతికినం సార్" అన్నాడు.

ఇంట్లోకి వచ్చి తలుపేసుకుని ఇది రాస్తున్నాను. బతికింది కాబట్టి రాయగలుగుతున్నాను. చచ్చిపోతే రాసేవాణ్ణా? రాసేవాణ్ణి కాదు.

ఆదివారం నేను బస్సెక్కేసరికి మల్లేశ్ దస్తీ కింద పడి ఉంది. సీట్లో ఒకాయన కోళ్ళ బుట్టతో కూర్చున్నాడు. ఆ సీటు నాదని నేను, దస్తీ మీద పేరు రాసుందా అని ఆయన. డ్రైవరు టీ తాగి వచ్చేదాకా కొట్లాడాను. గెలిచాను. ఆయన పక్కకు జరిగి బుట్టను సగం నా ఒళ్ళో పెట్టాడు. అప్పటికే బస్సు కదిలింది. మల్లేశ్ కిటికీ వెంట నడుస్తూ "సార్, సీరియస్ ఎవరన్న ఉన్నరా?" అని అడిగాడు. "అందరు మంచిగనే ఉన్నరు. ఏడో నంబరుకు ఆరింటికి గడ్డకట్టే పరీక్ష చెయ్" అన్నాను. "సరే సార్" అన్నాడు. అతను బాగానే విన్నాడు.

అంతే. పాము అనలేదు. కింద అనలేదు. సాయమ్మ అనలేదు. ఏడో నంబరు మంచం మీద ఉన్నది బాలమణి అని నాకు తెలుసు. శనివారం సాయంత్రం "ఖాళీగనే ఉన్నది గద, ఎక్కనియ్" అని రాధతో అన్నది నేనే. బస్సు మలుపు తిరిగేటప్పుడు నాకు గుర్తొచ్చింది కూడా. ఆపమని అరవొచ్చు. దిగితే సీటు పోతుంది. కేసు కాగితం చూసుకుంటాడులే అనుకున్నాను. ఆ తర్వాత నిద్రపోయాను. జడ్చర్ల దాకా మంచి నిద్ర.

జూలై 18, శనివారం

నిన్న రాసిందంతా తెల్లకాగితం మీద ఎక్కించి, సంతకం పెట్టి సెక్రటరీ గారికిచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. స్పెల్లింగు తప్పు దగ్గర పెన్సిల్‌తో సున్నా చుట్టారు.

"ఒప్పుకున్నోడు ఒప్పుకున్నడు, సేటు సంతకం అయింది, ఫైలు మూసినం" అన్నారు. "ఇప్పుడు మీరు గూడ ఒప్పుకుంటే ఒక్క తప్పుకు ఇద్దరైతరు. గప్పుడు ఫైలెట్ల మూస్తం డాక్టర్ సాబ్?"

"తప్పు ఆయనది కాదు సార్. నాది."

"చిన్నోన్ని కాపాడాలనుకుంటున్రు. మీది మంచి మనసు, నాకు తెల్వదా. ఇంటికి తీస్కపోన్రి."

నా జీవితంలో మంచి మనసని నన్నెవరూ అనలేదు. అన్నది కూడా ఈ కాగితం చదివి.

అమ్రాబాద్‌లో ట్రస్టుకు ఒక్క గది క్లినిక్ ఉంది. ఏడాదిగా తాళం వేసి ఉంది. మల్లేశ్‌ను అక్కడికి పంపుతున్నారు. పోకపోతే కాంట్రాక్టు రద్దు. సేటుకు చెప్తానన్నాను. సేటు తిరుపతి పోయారట. కాగితం బల్ల మీదే వదిలేసి వచ్చాను. సాయంత్రం అటెండరుతో కవర్లో పెట్టి తిప్పి పంపించారు.

జూలై 21, మంగళవారం

మల్లేశ్‌కు ఇక్కడ ఆఖరి రోజు. కొత్త డాక్టరుకు, నాకు కలిపి మంచం మంచం తిరిగి ఒప్పగించాడు. చెప్పాలనుకున్నాను. కొత్త డాక్టరు పక్కనే ఉన్నాడు. తర్వాత కొత్త డాక్టరు టీకి పోయాడు. అప్పుడూ చెప్పలేదు. పెట్టె పట్టుకుని బస్టాండు దాకా పోయాను. పెట్టె బరువుగా ఉందని మాత్రం చెప్పాను.

"ఏముంది సార్, అడవిల సల్లగుంటది" అన్నాడు.

సెక్రటరీకి చెప్పాను కదా. చెప్పాల్సినవాళ్ళకు చెప్పాను.

జూలై 26, ఆదివారం

చెప్పాల్సింది సెక్రటరీకి కాదు.

ఆగస్టు 5, బుధవారం

సాయమ్మను హైదరాబాద్ నుంచి పంపించేశారు. మన్ననూరు పోతూ దారిలో ఓబయ్య ఇక్కడికి తీసుకొచ్చాడు. ఎండిన కట్టెలా ఉంది కానీ నడుస్తోంది. వారానికొకసారి బీపీ, మూత్రం పరీక్ష చేయించాలని అక్కడివాళ్ళు రాశారు. ఆరు నెలలు. వాళ్ళ పెంటకు దగ్గరున్న డాక్టరు అమ్రాబాద్‌లో మల్లేశ్ ఒక్కడే.

మల్లేశ్‌కు ఉత్తరం రాసి ఓబయ్య చేతికిస్తానన్నాను.

"రాసి పంపుతరా సార్, పోయి చెప్తరా?" అన్నది రాధ. ఆమెకు నేనేమీ చెప్పలేదు. సెక్రటరీ గది కిటికీ మందుల గదిలోకే ఉంటుంది.

ఎల్లుండికి సెలవు పెట్టాను. అప్పటిదాకా ఓబయ్య, సాయమ్మ వార్డులోనే ఉంటారు. సాయమ్మ ఇంకా కిందే పడుకుంటానన్నది. ఆమె కింద ఉందని కొత్త డాక్టరుకు మూడుసార్లు చెప్పాను. "తెలుసు సార్" అని మూడోసారి విసుక్కున్నాడు.

ఆగస్టు 7, శుక్రవారం

అచ్చంపేటలో బస్సు మారి, సాయమ్మ, ఓబయ్య, నేను అమ్రాబాద్ చేరేసరికి పదకొండయింది. దారంతా నేను చెప్పాల్సింది మనసులో వరసగా పెట్టుకున్నాను. ఘాటు ఎక్కేటప్పటికి అన్నీ కలిసిపోయాయి.

క్లినిక్ గోడకు మల్లేశ్ తనే సున్నం వేసుకున్నాడు. ఒక బల్ల, రెండు బెంచీలు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. సాయమ్మను బెంచీ మీద కూర్చోమంటే కింద కూర్చుంది. మల్లేశ్ కూడా వెంటనే ఆమె పక్కన నేల మీద కూర్చుని బీపీ పట్టీ కట్టాడు. నేను నిలబడే మొదలుపెట్టాను.

సాయమ్మ, ముప్పై ఏళ్ళు, మన్ననూరు. జూలై నాలుగున రక్తపింజర కాటు. ఐదు సీసాలు. ఐదో తారీకు సాయంత్రం ఆరింటికి మళ్ళీ నెత్తురు చూడాల్సి ఉండగా చూడలేదు. అక్కడి నుంచి కిడ్నీలు, మిషన్, ఎన్నిసార్లు, ఇప్పుడు ఏ మందులు, ఉప్పు ఎంత, నీళ్ళెన్ని, కాళ్ళు పొంగితే ఏం చెయ్యాలి. అంతా చెప్పాను. అతను ఒక్కొక్కటీ తిరిగి చెప్పి రాసుకున్నాడు. రాధ నేర్పిన పద్ధతే.

"ఇంకేమన్న మర్చిపోయిన్రా సార్?" అన్నాడు. ఇది కూడా రాధ నేర్పిందే, ఆఖరున అడగాలని.

"ఒకటున్నది మల్లేశ్. మర్చిపోలేదు. చెప్పలేదు."

చెప్పాను. కోళ్ళ బుట్ట, కదిలిన బస్సు, అతనడిగిన ప్రశ్న, నేనిచ్చిన జవాబు. పాము అనలేదని, కింద అనలేదని, మలుపులో గుర్తొచ్చినా దిగలేదని. ఏడో తారీకున అతని మొహం మీదే అబద్ధం చెప్పానని. నిన్ను ఈ అడవికి పంపింది నీ చెవులు కాదు, నేనని.  

మల్లేశ్ పట్టీలోని గాలి తీశాడు. మళ్ళీ ఎక్కించాడు.

"నేను నెల దినాల కాడికెల్లి నా చెవులు ఖరాబైనయనుకుంటున్న సార్" అన్నాడు. "కర్నూలు పోయి చూపిచ్చుకున్న గూడ."

ఓబయ్యకు సగం అర్థమైనట్టుంది. సాయమ్మకు మొత్తం అర్థమైంది. నా వైపు కాదు, మల్లేశ్ వైపు చూసింది.

"గా దినం పొద్దుమూకినంక నువ్వొచ్చి మంచం కాడ నిలబడ్డవ్ గద సారూ" అన్నది. "నీ కాళ్ళు నా మొకం ముందలనే ఉండె. ‘ఏడో నంబరు మంచిగుంది, భయం లేదు’ అని సిస్టరమ్మకు చెప్పినవ్. నా నంబరు ఏడని నాకు ఎరుకనే. గప్పటికే నోట్లకెల్లి నెత్తురు వస్తుండె. ఈయన పిలుస్తనన్నడు. నేనే చెయ్యి గుంజి కూసోవెట్టిన. సార్లు మంచిగుంది అంటున్రు, వాళ్ళకన్న మనకెక్కువ తెలుసా, గిది బాగైతున్న నెత్తురే అయుంటది అన్న. తెల్లారేదాక గట్లనే మింగిన."

నాకు కన్నీళ్ళు ఆగలేదు. మల్లేశ్ ఆమె మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్నాడు. నిమిషం ఎప్పుడో దాటిపోయింది, చెయ్యి వదలలేదు.